తొండం విరిగిన చోట తెల్లటి కర్ర

మా సంక్రాంతి కొలువు పెట్టెలో ఒక కొండపల్లి అంబారీ ఏనుగు ఉండేది. ఒక ఏడాది నా చేయి జారి కింద పడి, దాని తొండం ఊడిపోయింది. లోపల తెల్లటి కర్ర. గోటితో గీరితే గీత పడింది. ముక్కను అరచేతిలో పెట్టుకుంటే బరువన్నదే తెలియలేదు. అది తెల్లపొణికి చెట్టు కర్ర అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

కొండపల్లి బొమ్మ అనగానే రంగులను మెచ్చుకుంటాం, పనివాళ్ల చేతిని మెచ్చుకుంటాం. చెట్టు ఊసెత్తం. ఆముదం కుటుంబానికి చెందిన ఈ చెట్టు దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఎండు అడవుల్లో, రాతి గుట్టల మీద పెరుగుతుంది. ఆకు అడుగున తెల్లటి నూగు ఉంటుంది. దీని కర్రను తెప్పలు కట్టడానికి వాడేవారు కనుక ఇంగ్లీషు పేరులో కట్టుమరం కూడా చేరింది. తెలంగాణలో నిర్మల్ కొయ్యబొమ్మలకూ ఇదే ఆధారం.

ఏటికొప్పాక బొమ్మలు చేసేవాళ్లు అంకుడు కర్రను తరిణె పట్టి, తిరుగుతుండగానే లక్క రంగు అద్దుతారు. కొండపల్లిలో పని అంతా ఉలిది. ముందు కర్రలోని తేమ పోవాలి. బాగా ఎండబెట్టి, సన్నటి సెగ మీద వేడి చేస్తారు. పచ్చిగా చెక్కితే తర్వాత బొమ్మ బీటలిస్తుంది. బొమ్మను ఒకే దుంగలోంచి తీయరు. ఏనుగుకు ఒళ్లు వేరు, తొండం వేరు, చెవులు వేరు. చెక్కిన భాగాలను మక్కుతో అతుకుతారు. చింతగింజల పిండిని, రంపపు పొట్టును కలిపి చేసే ముద్ద అది. అతికించడానికీ అదే, సందులు పూడ్చడానికీ అదే, బుగ్గకు కాస్త నిండుదనం తేవడానికీ అదే. ఆరాక ఆకురాయితో నునుపు చేసి సున్నం పూత వేస్తారు. రంగు పడేది ఆ తెలుపు మీదే. చివరగా సన్నటి కుంచెతో కళ్లు దిద్దుతారు. నా ఏనుగు తొండం ఊడింది ఆ మక్కు అతుకు దగ్గర కాదు, దానికి కాస్త కింద కర్ర దగ్గర. అతుకు మాత్రం చెక్కుచెదరలేదు!

ఈ పనంతా పొణికి గుణాన్ని నమ్ముకుని పుట్టింది. మెత్తగా తెగుతుంది, తేలిగ్గా ఉంటుంది. గట్టి కర్ర మీద ఉలి ఇలా నడవదు. కల్లుగీత కార్మికుడి మోకు, పల్లకీ మోసే బోయీ భుజం వంపు అంత చులాగ్గా రావు.

ఇప్పుడు కొండపల్లి చుట్టుపక్కల గుట్టల మీద పొణికి పలచబడిపోయింది. దీన్ని అంతరించిపోతున్న చెట్టుగా లెక్కించి, ప్రయోగశాలల్లో కణజాల వర్ధనంతో మొక్కలు పెంచే ప్రయత్నాలు కూడా చేశారు. ఎందుకంటే గింజ పెంకు చాలా గట్టిది, మొలక రావడం కష్టం. నరికిన చోట దానంతటది తిరిగి నిండదు. తరతరాలుగా మనం అడవి నుంచి తెచ్చుకున్నామే తప్ప, టేకునో సుబాబులునో పెంచినట్టు దీన్ని చేలగట్ల మీద పెంచుకోలేదు. ఈ తప్పు అడవిది కాదు, మనదే.

కొండపల్లికీ నిర్మల్‌కూ భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది గానీ కర్రను ఇవ్వదు. అటవీ శాఖ నర్సరీల్లో పొణికి నారు పెంచి, కొండపల్లి గుట్టల మీదే నాటించి, పెరిగిన కర్రలో మొదటి వాటా పనివాళ్లకు దక్కేలా చూడాలి. కొలువుకు బొమ్మ కొనేవాళ్లకూ ఒక మాట: ఈసారి కొండపల్లి వెళ్లినప్పుడు, ధర అడిగే ముందు అది ఏ కర్రో అడగండి. పొణికి అని చెబితే బేరమాడకుండా కొనండి.