వంకర ముత్యం

మా మనవరాలు దసరా సెలవులకు హైదరాబాదు నుంచి ఆసిఫాబాద్ వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి నా నెత్తిన పెట్టి పోతుంది. పోయినేడు ఫోనులో కరెంటు బిల్లు కట్టడం నేర్పింది. ఈ ఏడు బరోక్ సంగీతం. మధ్యాహ్నం పూట నేను గోరుచిక్కుడు ఈనెలు తీస్తూ కూచుంటే వెనక నుంచి వచ్చి, చెవులకు ఆ దొప్పల్లాంటివి తగిలించి, "అమ్మమ్మా, పావుగంట కదలకు" అంది.

పావుగంటసేపూ ఫిడేలు. అయ్యాక అడిగింది, "ఎంతమంది వాయించిన్రో చెప్పు."

"ముగ్గురా?" అన్నాను.

"ఒక్కరే!"

నేను నమ్మలేదు. నాకూ ఫిడేలు కొంచెం తెలుసు మరి. కరీంనగర్‌లో పెళ్ళికి ముందు నాలుగేళ్ళు నేర్చుకున్నాను, వర్ణాల దాకా వచ్చింది. కమాను ఒకటే అయినప్పుడు మూడు గొంతులెలా పలుకుతాయి? అదీ ఈ వ్యాసానికి మొదలు. సంగీతం బాగా తెలిసినవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోండి, నేను విద్వాంసురాలిని కాను. పది రోజులు అదే పనిగా విని, పిల్ల చేత చదివించుకుని, నాకు తోచింది రాస్తున్నాను.

బరోక్ అనే మాట పోర్చుగీసు వాళ్ళ ముత్యాల బేరం నుంచి వచ్చిందట. గుండ్రంగా రాకుండా వంకర పోయిన ముత్యాన్ని వాళ్ళు అలా పిలిచేవాళ్ళు. పత్తర్‌గట్టిలో ముత్యాలు కొన్నవాళ్ళకు ఆ వంకర ముత్యం సంగతి నేను చెప్పక్కర్లేదు, వర్తకుడు దాన్ని పక్కకు తోసేస్తాడు. ఈ పేరు కూడా మొదట తిట్టుగానే పుట్టింది. ఇంత అలంకారమెందుకు, ఇంత మెలికెందుకు అని తర్వాతి తరంవాళ్ళు విసుక్కుని పెట్టిన పేరు. దాదాపు 1600 నుంచి 1750 దాకా యూరప్‌లో సాగిన సంగీతానికి అదే నిలిచిపోయింది.

1600 అంటే మనకెక్కడో దూరంగా అనిపిస్తుంది కాని, మన లెక్కలో అది తంజావూరు నాయక రాజుల కాలం. ఇటలీలోని మాంటువాలో 1607లో మాంటెవెర్డీ అనే ఆయన కథంతా పాటల్లో నడిపిస్తూ 'ఓర్ఫియో' అనే సంగీత నాటకం ఆడించాడు. ఇటు తంజావూరులో రఘునాథ నాయకుడు, తర్వాత ఆయన కొడుకు విజయరాఘవ నాయకుడు తెలుగులో యక్షగానాలు ఆడించారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. అయినా రెండుచోట్లా రాజుగారి కొలువు, పాట, ఆట, కథ. అక్కడ ఫ్లారెన్సులో ఫ్రాంచెస్కా కచ్చీని అనే ఆవిడ 1625లో తానే ఒక సంగీత నాటకం కూర్చింది. ఇక్కడ విజయరాఘవుని కొలువులో మన రంగాజమ్మ 'మన్నారుదాస విలాసం' రాసి కనకాభిషేకం చేయించుకుంది. రంగాజమ్మ పేరు మనలో ఎందరికి తెలుసు? అక్కడివాళ్ళు ఫ్రాంచెస్కాను మరిచిపోయి మళ్ళీ వెతుక్కున్నారు, మనం ఇంకా వెతుక్కోవలసే ఉంది.

సరే, వినడం దగ్గరికి వద్దాం. మన చెవికి మొదట ఇబ్బందిగా ఉండేదేమిటంటే, మన కచేరీలో తంబూరా కదలదు. స, ప మీద నిలబడి ఉంటుంది, పాట దాని చుట్టూ తిరుగుతుంది. వాళ్ళ శ్రుతి నడుస్తుంది. పైన ఒకరు పాడుతుంటే అడుగున పెద్ద ఫిడేలు ఒకటి ఆపకుండా అడుగులు వేస్తూ పోతుంటుంది. దాని పక్కన హార్ప్సికార్డ్ అనే వాద్యం. చూడ్డానికి పియానోలాగే ఉన్నా, మెట్టు నొక్కితే లోపల పక్షి ఈక మొన తీగను మీటుతుంది. ఎంత గట్టిగా కొట్టినా అంతే చప్పుడు. ఈ అడుగు స్వరాలనే కాగితం మీద రాసి, వాటి కింద అంకెలు వేసి వదిలేసేవాడు కూర్చినాయన. ఆ అంకెలు చూసుకుని మిగతా స్వరాలు అప్పటికప్పుడు నింపుకోవడం వాయించేవాడి నేర్పు. ఇది వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. తెల్లవాళ్ళ సంగీతమంటే కాగితంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పడమేనని అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ! పాటలో కూడా అంతే. మొదటి భాగం, రెండో భాగం పాడి మళ్ళీ మొదటికొస్తారు. రెండోసారి వచ్చినప్పుడు గాయకులు తమ సొంత గమకాలు, బిరకాలు చేర్చాలి. చేర్చకపోతే చేతకానివాడనేవాళ్ళట. మనం పల్లవికి తిరిగొచ్చి సంగతులు వేయడం లాంటిదే కదా!

వివాల్డీ పేరు చాలామంది వినే ఉంటారు. పేరు వినకపోయినా, ఆయన 'నాలుగు ఋతువులు' ఏ ఆఫీసుకో ఫోను చేసి "దయచేసి వేచి ఉండండి" అన్నప్పుడు వినే ఉంటారు. పాపం, ఆ పాటకు పట్టిన గతి అది. నిజానికి వసంతం ఒక్కటే విని వదిలేయకూడదు. వేసవి వినండి. ఎండకు సోలిపోయిన పశువులు, ముసిరే ఈగలు, ఉన్నట్టుండి విరుచుకుపడే గాలివాన... మన ఆసిఫాబాద్ మే నెల ఎండ తెలిసినవాళ్ళకు అందులో ఒక్క స్వరం కూడా పరాయిగా ఉండదు. 1725లో అచ్చయిన ఈ నాలుగింటికీ నాలుగు పద్యాలు కూడా జోడించారు, ఏ చోట ఏం జరుగుతోందో చెబుతూ.

కాని వివాల్డీ కంటే నన్ను ఎక్కువ పట్టుకున్నది ఆయన శిష్యురాళ్ళు. వెనిస్‌లో పియెటా అనే అనాథ శరణాలయం ఉండేది. వద్దనుకున్న పసిగుడ్డులను అక్కడ వదిలి వెళ్ళేవాళ్ళు. ఆడపిల్లల్లో గొంతు, చెయ్యి ఉన్నవాళ్ళను ఏరి సంగీతం నేర్పేవాళ్ళు. 1703లో వివాల్డీ అక్కడ ఫిడేలు మేష్టరుగా చేరాడు. ఆ పిల్లల కచేరీలు వినడానికి దేశదేశాల నుంచి వచ్చేవాళ్ళు. వినడానికే, చూడ్డానికి కాదు. పిల్లలు ఇనుప జాలీ వెనకాల కూచుని వాయించేవాళ్ళు. ఘోషా అంటే ఏమిటో నిజాం రాజ్యంలో పుట్టిన మా అమ్మమ్మల తరానికి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. అయితే ఆ జాలీ నన్నంతగా బాధపెట్టలేదు. పెళ్ళి చేసుకుని బయటికి పోయే పిల్ల ఇక బహిరంగంగా వాయించనని మాట ఇచ్చి పోవాలట! అన్నా మారియా అనే ఒకావిడ, వివాల్డీ ఎన్నో రచనలు ఈవిడ చేతి కోసమే కూర్చాడు, పెళ్ళి మాటే ఎత్తకుండా అక్కడే ఉండిపోయి, ఫిడేలు గురువై, 1782లో పోయింది.

నన్నెవరూ మాట అడగలేదు లెండి. పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో ఫిడేలు పెట్టె విప్పబోతే మా అత్తమ్మ, "ఇప్పుడెందుకు బిడ్డా, అటక మీద పెట్టు, పిల్లలు పెద్దగైనంక చూద్దువు" అంది. కోపంగా కూడా కాదు, ఎంతో ప్రేమగానే అంది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, వాళ్ళ పిల్లలూ పెద్దవాళ్ళయ్యారు.

ఇక బాఖ్. ఈయనది 1685లో పుట్టుక, 1750లో మరణం. ఆయనతోనే ఆ యుగమూ ముగిసిందంటారు. కొలువులో ఉద్యోగం. 1717లో వేరే రాజు దగ్గరికి పోతాను, వదిలిపెట్టమని గట్టిగా అడిగినందుకు వైమార్ ప్రభువు ఆయన్ను దాదాపు నాలుగు వారాలు జైల్లో పెట్టాడు. మహా సంగీతకారుడంటే అప్పట్లో అంత గౌరవం! 1720లో ప్రభువు వెంట ఊరెళ్ళి తిరిగొచ్చేసరికి భార్య పోవడమూ, పూడ్చిపెట్టడమూ కూడా అయిపోయాయి. నేను ముగ్గురనుకున్న ఆ ఒక్క ఫిడేలు రచన, షకోన్ అంటారు దాన్ని, ఆ ఏడాది తేదీ వేసిన రాతప్రతిలోనే ఉంది. అది భార్య కోసమేనని కొందరంటారు, రుజువేమీ లేదు. రుజువు లేకపోతే నష్టమూ లేదు.

ఏముంది అందులో? నాలుగే నాలుగు ఆవర్తాల చిన్న ముక్క. దాన్నే పావుగంటసేపు, అరవైకి పైగా రకాలుగా తిప్పి తిప్పి చెబుతాడు. మొదట రెండు మూడు తీగల మీద ఒకేసారి కమాను వేసి గట్టిగా నిలబెడతాడు. తర్వాత ఒక తీగ మీది నుంచి ఇంకో తీగ మీదికి గెంతుతూ, పై గొంతు ఒకటి అడిగితే కింది గొంతు జవాబు చెబుతున్నట్టు వినిపిస్తాడు. మన చెవే మధ్యలో ఖాళీలు పూడ్చుకుని, ఇద్దరున్నారు, ముగ్గురున్నారు అనుకుంటుంది. సగం దాటాక ఒకచోట స్వరాలు మారి, మన శంకరాభరణం లాంటి వెలుగు వస్తుంది. ఏడ్చి ఏడ్చి ఊరుకున్న మనిషి పాత సంగతేదో గుర్తొచ్చి నవ్వినట్టు. మళ్ళీ చీకటి. చివరికి మొదటి ముక్కే వస్తుంది, కాని అప్పటికి అది మనకు అదే ముక్క కాదు.

వాళ్ళది గణితం, మనది భావం అని మా పక్కింటి మేష్టారు తేల్చేశారు. నేనొప్పుకోను. 72 మేళాలు లెక్కగట్టిన వెంకటమఖిది గణితం కాదా? ఆ లెక్కలోంచే కదా మనకింత భావం పలికింది!

బాఖ్ రెండో భార్య అన్నా మాగ్దలేనా కొలువులో జీతం తీసుకునే గాయని. 1721లో పెళ్ళి. పదమూడు కాన్పులు, ఏడుగురు పిల్లలు చిన్నతనంలోనే పోయారు. 1723లో లైప్జిగ్ మారారు. అక్కడ చర్చిలో ఆడవాళ్ళు పాడకూడదు, మగపిల్లలే పాడాలి. ఆవిడ కాగితాల మీద కూచుని మొగుడి రచనలు ఎత్తిరాసింది. ఈనాడు లోకమంతా మెచ్చుకునే ఆయన చెల్లో రచనలకు ఆయన స్వహస్తంతో రాసిన ప్రతి దొరకలేదు. ఈవిడ ఎత్తిరాసిన ప్రతే ముఖ్యాధారం. 1760లో దానధర్మాల మీద బతుకుతూ పోయింది. ఇది చదివించుకున్న రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

హాండెల్ గురించి రెండు ముక్కలే. బాఖ్ పుట్టిన ఏడే పుట్టాడు, లండన్‌లో పేరు తెచ్చుకున్నాడు. 1742లో డబ్లిన్‌లో మొదట వినిపించిన 'మెస్సయ్య'లోని హల్లెలూయ క్రిస్మస్‌కు మన చర్చీల్లోనూ వినవచ్చు. బ్రహ్మాండంగా ఉంటుంది, కాదనను. నా మటుకు నాకు అది పెళ్ళి ఊరేగింపులాంటిది. గుమ్మంలో నిలబడి చూసి ముచ్చటపడి లోపలికొచ్చేస్తాను. ఏది విన్నా పెద్ద పెద్ద బృందాలు వాయించినవి కాకుండా, ఆనాటి పద్ధతిలో నరం తీగలు కట్టి, కొద్దిమందే కూచుని వాయించినవి వినండి. నూనె తక్కువైన కూరలా మొదట పొడిగా తోస్తుంది, రెండోనాడు ఏ దినుసుకా రుచి విడిగా తెలుస్తుంది.

మరో మాట. మన జిల్లా గోండుల ఇళ్ళల్లో వంశ కథలు పాడే ప్రధానుల చేతిలో కీక్రి ఉంటుంది. మూడు తీగలు, ఒక కమాను. గొంతు పాడుతుంటే కీక్రి వెంట నడుస్తూ, గొంతు ఆగినచోట తానే కథ చెబుతుంది. ఇన్నేళ్ళు వింటూ కూడా నేను దాన్ని సంగీతం లెక్కలో వేసుకోలేదు. బాఖ్‌ను విన్నాకే దాని మీద నా చెవి పడింది. సిగ్గుపడవలసిన సంగతే, అయినా దాచుకోను.

పిల్ల ఊరెళ్ళే ముందు అటకెక్కి ఫిడేలు దించింది. తీగలు ఎప్పుడో తెగిపోయాయి, కమాను వెంట్రుకలు పురుగు కొట్టేసింది, ఒక బిరడా బిగుసుకుపోయింది. బాగు చేయించుకొస్తానని హైదరాబాదు పట్టుకుపోయి, కార్తీకంలో తెచ్చిచ్చింది. చిక్కేమిటంటే, మనం తీగలు స-ప-స-ప అని కట్టుకుంటాం. వాళ్ళకు ప్రతి తీగకూ పక్క తీగ పంచమమే. అలా శ్రుతి చేస్తే నా వేళ్ళకు ఇల్లు మారినట్టుంది, చెయ్యి చాపితే గోడ తగులుతోంది. వాళ్ళ గీతల స్వరలిపి నాకు రాదు కనుక షకోన్ మొదటి నాలుగు ఆవర్తాలు సరిగమల్లో రాసిచ్చింది. పొద్దున వంట కాకముందు అరగంట, అదీ తలుపు వేసుకుని. రెండు ఆవర్తాలు వచ్చాయి. మూడోదానిలో కమాను జారుతోంది. మిగతాది సంక్రాంతికి వచ్చి రాసిస్తానంది.