పటంలో చుక్కలు లేని అడవి

పాఠ్యపుస్తకాల్లో రాతియుగపు ఆవాసాల పటం చూస్తే కృష్ణాలోయలో చుక్కలు గుంపులు గుంపులుగా ఉంటాయి. కొత్తగూడెం దాటి భద్రాచలం అడవివైపు వచ్చేసరికి అవి పలచబడిపోతాయి. ఆ ఖాళీని నమ్మి “చరిత్ర ఆలస్యంగా చేరిన అడవి” అని నేనొక వ్యాసంలో రాశాను. నేనొక్కణ్ణే కాదు. మన కథల్లోనూ ఏజెన్సీ చరిత్ర దొరలూ పోలీసులూ బొగ్గుకంపెనీ వచ్చాకనే మొదలవుతుంది.

ఇంతకీ ఆ చుక్కలు పెట్టిందెవరు? 1863లో మద్రాసు దగ్గర అత్తిరంపాక్కంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్‌తో కలిసి రాతి చేతిగొడ్డళ్లు ఏరిన విలియం కింగే 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. గోదావరి ఒడ్డున మంగపేట దగ్గర శిలువ ఆకారపు రాళ్లున్న సమాధుల గురించి 1877లో వ్యాసం రాసిందీ ఆయనే. ఫుట్, కింగ్ ఇద్దరూ భూగర్భ సర్వే ఉద్యోగులు. ఖనిజం కోసం నడిచిన దారిలో ప్రాచీన మానవుడు కాలికి తగిలాడు. వాళ్లు నడవనిచోట తగల్లేదు, అంతే.

నాగార్జునకొండ చూడండి. ఆనకట్ట నీళ్లలో మునిగిపోతుందని 1954-60 మధ్య ఆ లోయంతా తవ్వితే పాతరాతియుగం నుంచీ ఆధారాలు బయటపడ్డాయి. ప్రాజెక్టు రాకుంటే అక్కడ ఇన్ని చుక్కలుండేవా?

దున్నిన చేలో రాతిపెచ్చు పైకి తేలుతుంది. అడవిలో ఆకుదుబ్బ కింద దాగుతుంది. నది పక్కన ఒండ్రు కప్పేస్తుంది. పినపాక మండలం జానంపేట దగ్గర రాక్షసగుళ్లు కనిపిస్తాయంటే అవి పెద్ద బండలు కనుక. అవి ఇనుపయుగపు సమాధులు. వాటిని నిలబెట్టినవాళ్ల గుడిసెలు అలా కంటికానవు. చచ్చినవాళ్లకు చుక్క ఉంది, బతికినవాళ్లకు లేదు! జనం వాటిని రాక్షసులకు అంటగట్టారు. మనం చదువుకున్నవాళ్లం ఎవరికీ కాకుండా చేశాం.

అలాగని ఖాళీలో కోయల పూర్వీకుల్ని ఊహించి నిలబెట్టమనడం లేదు. అదీ ఆధారం లేని మాటే. నేనడిగేది ఒకటే: వెతికి ఏమీ దొరకని చోటూ, అసలు వెతకని చోటూ పటంలో వేరువేరుగా గుర్తించాలి. లెక్కల ప్రొఫెసర్ డి.డి.కోశాంబి పూనా చుట్టుపక్కల కాలినడకన తిరిగి సూక్ష్మశిలాపరికరాలు ఏరాడు. మన సాహిత్య విద్యార్థులకు ఆ నడక నిషిద్ధమా?

వ్యవధి కూడా ఎక్కువ లేదు. ఓపెన్‌కాస్టు గని తవ్వినచోట పైమట్టి తిరగబడి ఓబీ గుట్టలవుతుంది. ఆ మట్టిలో ఏ రాయి ఏ పొరదో ఇక ఎవరూ చెప్పలేరు.

నా వ్యాసం మళ్లీ అచ్చయితే ఆ వాక్యం తీసేస్తాను.