చేతులు మారే ముందు

భోపాలపట్నం, బీజాపూర్ వైపు నుంచి వీలునామా రాయించుకోవడానికి జగదల్‌పూర్ వచ్చే తెలుగు కుటుంబాల్లో ఈ మాట తరచూ వింటాను: "అమలు చేసేదీ మా తమ్ముడే, పిల్లలు పెద్దయ్యేదాకా ట్రస్టీగా చూసేదీ వాడే. ఇంక కాగితాలెందుకండీ?" కాగితం బాగా అవసరమయ్యేది అక్కడే.

ఎగ్జిక్యూటర్ పని అప్పులు తీర్చి ఆస్తి అప్పగించడంతో ముగుస్తుంది. ట్రస్టీ పని అప్పుడే మొదలవుతుంది. రెండూ ఒక్కరే చేస్తే, ఆ మార్పు ఏ రోజు జరిగిందో పిల్లలకు ఎలా తెలుస్తుంది? 1925 వారసత్వ చట్టం ప్రకారం ఎగ్జిక్యూటర్ సమ్మతి లేనిదే ఆస్తి పొందేవారి హక్కు పూర్తికాదు. ఆ సమ్మతి నోటిమాటగా ఇచ్చినా చెల్లుతుందని కూడా అదే చట్టం అంటుంది. నేను మాత్రం నోటిమాటతో సరిపెట్టనివ్వను. తేదీ వేసి, ఎగ్జిక్యూటర్‌గా ఒక సంతకం, ట్రస్టీగా ఇంకో సంతకం చేయిస్తాను. సాక్షులు ఆస్తిలో వాటా లేనివాళ్ళు కావాలి.

జాబితా దగ్గర నాకు పట్టుదల ఎక్కువ. "బంగారం కొంత" అని రాస్తే ఒప్పుకోను. కాసులపేరు అయితే కాసులెన్ని, తూకమెంత, కొక్కెం ఊడి ఉంటే ఆ సంగతీ రాయాలి. ప్రొబేట్ తీసుకుంటే ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో లెక్కలు కోర్టుకు ఇవ్వాలి. మన వైపు చాలా వీలునామాలు కోర్టు గడప తొక్కవు. ఆ కాపలా మనమే పెట్టుకోవాలి.

అప్పులవాళ్ళకు నోటీసు ఇచ్చాకే అప్పగించాలి. లేకపోతే ఆ అప్పులకు రేపు ఎగ్జిక్యూటరే జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు. బస్తర్‌లో భూమికి ఇంకో మెలిక ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని ఆదివాసీ భూమి ఆదివాసేతరులకు బదిలీ కాకుండా భూ రెవెన్యూ కోడ్ 165వ సెక్షన్ అడ్డుపడుతుంది. అందుకే పట్వారీ దగ్గర భూమి రికార్డులైన ఖస్రా, బీ-1 నకళ్ళు చూశాకే పొలాన్ని జాబితాలో చేరుస్తాను.

జాబితా విలువ తెలియాలంటే బస్తర్ చరిత్రే చూడండి. కాకతీయుల వారసులమని చెప్పుకున్న వంశంలోని బస్తర్ మహారాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ ఆస్తినే 1953లో ప్రభుత్వం కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కిందికి, అంటే సర్కారు నిర్వహణలోకి, తీసుకుంది. తిరిగి ఇచ్చింది 1963లో. పదేళ్ళు పరాయి చేతిలో ఉన్న సొత్తును సరిచూసుకోవడానికి, తీసుకున్ననాటి జాబితాను మించిన ఆధారం ఏముంటుంది? రాజుకైనా రైతుకైనా అంతే.

మీ వీలునామాలో ఎగ్జిక్యూటర్, ట్రస్టీ ఒక్కరే అయితే, ఏటా లెక్క చూసే మూడో మనిషి పేరు కూడా ఇప్పుడే రాయించండి.