ధర్మయుద్ధమా, శిలువయుద్ధమా? రాయవేలూరి చరిత్ర ననుసరించి యొక పదవిమర్శ

క్రీ.శ. 1095 మొదలు 1291 వఱకు ఐరోపా క్రైస్తవులకును పశ్చిమాసియా ముస్లిములకును నడుమ విడతలు విడతలుగా సాగిన యుద్ధములను ఇంగ్లీషువారు క్రూసేడులందురు. ఈ మాటకు మన తెలుగున నొక్క పేరు స్థిరపడలేదు. మతయుద్ధములని కొందఱు, పవిత్రయుద్ధములని కొందఱు, శిలువయుద్ధములని కొందఱు వ్రాసిరి. ధర్మయుద్ధములని వ్రాసినవారును గలరు. ఈ కడపటి పేరు సరియైన యనువాదము కాదనియు, ఆ తప్పు నిఘంటువులో నిలిచిపోక మన ప్రాంతచరిత్రను గూడ వక్రముగా చూపుచున్నదనియు నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

ఇట్టి చర్చకు రాయవేలూరు, గుడియాత్తములలోని తెలుగువారు పూనుకొనుటకు కారణము లేకపోలేదు. మన పిల్లలు బడిలో చరిత్రను అరవమునందో ఇంగ్లీషునందో చదువుదురు. తెలుగుమాట వారికి ఇంటిలో పెద్దలనోట వినబడునదే. వేలూరికోట చూపుటకు వచ్చిన బంధువుల వెంట నేను పలుమారు నడచితిని. జలకంఠేశ్వరుని గోపురము, మసీదు, ఇంగ్లీషువారు కట్టిన చర్చి, ఈ మూడును ఒకే అగడ్తలోపల కనబడగనే, "ఇచ్చట మనవారికిని తురకలకును ధర్మయుద్ధము జరిగినదట గదా" యని యెవరో యొకరు తప్పక అడుగుదురు. అడిగినవారి దోషము కాదది. వారికి మనమిచ్చిన మాట అట్టిది.

ధర్మయుద్ధ మనగా మన సంప్రదాయమున మతముకొఱకు చేయు యుద్ధము కాదు. ధర్మము తప్పక చేయు యుద్ధము. భీష్మపర్వారంభమున కౌరవపాండవులు ఉభయులును చేసికొన్న కట్టుబాట్లను తిక్కన భారతము చదివినవారెల్ల రెఱుగుదురు. రథికుడు రథికునితోనే పోరవలెను, ఆయుధము విడిచినవానిని కొట్టరాదు, వెన్నిచ్చి పాఱువానిని తఱుమరాదు. అనగా ఆ మాట యుద్ధముయొక్క రీతిని జెప్పునే కాని హేతువును జెప్పదు. పోరాడినవా రిరువురును ఒకే తాత మనుమలు, ఒకే దేవతలను గొలుచువారు. మతభేద ప్రసక్తియే లేని యుద్ధమునకు పుట్టిన పేరును మతమే హేతువుగా బయలుదేఱిన యుద్ధమునకు తగిలించుట యెట్లు పొసగును?

ఇక క్రూసేడు సంగతి. 1095 నవంబరులో ఫ్రాన్సు దేశపు క్లెర్మోఁ పట్టణమున రెండవ అర్బను పోపు పిలుపు నిచ్చెను. జెరూసలేమునకు పోయి పోరాడువానికి ఆ ప్రయాణమే పాపములకు ప్రాయశ్చిత్తమని ఆయన ప్రకటించెను. పోయినవారు వస్త్రముపై శిలువగుర్తు కుట్టుకొనిరి. ఆ శిలువనుండియే క్రూసేడను పేరు తరువాతి కాలమున ఏర్పడినది. ఆనాటివారు తమ్ము యాత్రికులమనియే చెప్పుకొనిరి. కావున మన భావములలో దీనికి దగ్గఱైనది యుద్ధము కాదు, కాశీయాత్ర. ఆయుధము పట్టి చేసిన కాశీయాత్ర యనుకొన్నచో ఆ మనుష్యుల మనసు కొంతవఱకు మనకు బోధపడును. అరబ్బులలో నైనను ఆ కాలపు చరిత్రకారులు వీనిని ఫ్రాంకుల దండయాత్రలనిరి. శిలువయుద్ధము లనుటకు సరియైన అరబ్బీ పేరు 19వ శతాబ్దిలోనే వాడుకకు వచ్చినది.

రీతినిబట్టి చూచినను ధర్మయుద్ధమను పేరు నిలువదు. 1099 జూలై 15న జెరూసలేము పట్టుబడిన పిమ్మట పురవాసులైన ముస్లిములను, యూదులను గుంపులుగా చంపిరి. 1187లో అదే నగరమును తిరిగి గెలిచిన సలాదీను ఊచకోత జరుపక, తలకింతయని విడుదలసొమ్ము గొని జనులను వెడలనిచ్చెను. ఇయ్యలేనివారిలో పెక్కురు దాస్యము పాలైరి. 1191లో ఏకరు పట్టణమున ఇంగ్లండురాజు రిచర్డు సుమారు 2,700 మంది బందీలను చంపించెను. 1204లో శిలువ ధరించిన సేనలే క్రైస్తవనగరమైన కాన్‌స్టాంటినోపులును కొల్లగొట్టినవి. ఒక్కొక్కచోట ధర్మము కనబడిన మాట నిజమే. అది ఆయా మనుష్యులది, ఆ యుద్ధములది కాదు.

ఇంత దూరపు కథ మనకేల యని పాఠకులు శంకింపవచ్చును. ఆ యుద్ధముల మాట యొకటి మన సంతలోనే యున్నది. గుడియాత్తము అంగడిలో అరవవారు గుమ్మడికాయను పరంగిక్కాయ యందురు. చెన్నపట్టణము దాపున పరంగిమలై, కడలూరునకు దక్షిణముగా పరంగిప్పేట కలవు. తెలుగున పరంగివ్యాధి యను పేరు కలదు, తోపునకు ఫిరంగి యను పేరు కలదు. వీనికన్నింటికి మూలము ఒక్కటే. శిలువ ధరించి వచ్చిన ఫ్రాంకులను అరబ్బులు ఇఫ్రంజులనిరి. అది పారసీకమున ఫరంగు అయి, సముద్రవర్తకులతోడను సుల్తానుల సేనలతోడను దక్కనునకు వచ్చి, పోర్చుగీసువారిపై నిలిచినది. జెరూసలేమునొద్ద భయముతోను ద్వేషముతోను పలికిన పేరు మనచోట కాయగూరకును తోపునకును పేరైనది. కౌండిన్యానది పలమనేరు అడవులనుండి తెలుగునేల దిగి గుడియాత్తమునకు వచ్చినంత సహజముగా ఈ మాటయు వచ్చినది. ఎవ్వరును దాని పుట్టుక నడుగలేదు.

మాటతోపాటు ఆ యుద్ధముల ఫలితమును వచ్చినది. 1312లో పోపు టెంప్లరులను యోధసన్న్యాసుల సంఘమును రద్దుచేయగా, 1319లో పోర్చుగలు దేశమున వారి యాస్తులతో క్రీస్తుసంఘమను క్రొత్తసంఘ మేర్పడినది. పోర్చుగీసు ఓడల తెరచాపలమీది యెఱ్ఱశిలువ ఆ సంఘముది. ఈజిప్టు సుల్తానుల చేతిలోనున్న మిరియాల త్రోవను తప్పించుట, తూర్పున నున్నదనుకొన్న క్రైస్తవరాజ్యముతో చేయి కలిపి జెరూసలేమును గెలుచుట, ఈ రెండును వారి సంకల్పములు. 1498లో కళ్లికోట చేరిన వాస్కోడగామా పరివారము హిందూదేవాలయమును చూచి చర్చియని భ్రమించి నమస్కరించినది. శిలువయుద్ధపు చూపు దక్షిణదేశమున పడిన తొలినాడే ఎంత తడబడెనో దీనివలన తెలియును.

మన రాజులు వారి సంకల్పమును చూడలేదు, గుఱ్ఱములను చూచిరి. 1520 రాచూరు ముట్టడిలో పోర్చుగీసు తుపాకివాండ్రు కృష్ణరాయల పక్షమున పోరాడిరి. 1547లో గోవా గవర్నరు కాస్ట్రో విజయనగరముతో చేసికొన్న సంధిలో ముఖ్యాంశము గోవాలో దిగు గుఱ్ఱములను విజయనగరమునకే అమ్మవలెనని. మతము మాట గుఱ్ఱపు బేరముక్రింద అణగిపోయినది.

1565 నాటి తళ్లికోట యుద్ధమును ధర్మయుద్ధమని వర్ణించువారు మిక్కిలి మంది. ఫెరిస్తా వ్రాతను సూయెలు 1900లో ప్రచురించిన గ్రంథముద్వారా చదివి, అందులోని మతకారణమును మాత్రము మనవారు గ్రహించిరి. ఆ ఫెరిస్తాయే చెప్పిన తక్కిన సంగతులను విడిచిరి. ఇబ్రహీం కుతుబ్షా రాజ్యమునకు రాకముందు ఏడేండ్లు విజయనగరమున రామరాయల యాశ్రయమున నుండెను. తరువాత అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అంకితమిచ్చినది ఆయనకే. బిజాపురపు అలీ ఆదిల్షా రామరాయలతో గూడి అహమ్మదునగరముపై దండెత్తెను. తళ్లికోటలో గెలిచిన సుల్తానులు మఱల కొలదికాలముననే తమలో తాము పోరాడిరి. 1570లో గోవాను ముట్టడించినప్పుడు బిజాపురము, అహమ్మదునగరములతోపాటు కళ్లికోట జామొరినును చేరెను. హంపీ దేవాలయములు ధ్వంసమైన మాటను నేను కాదనను. కాని ధ్వంసము మతమునకు తగిలినంతమాత్రమున యుద్ధహేతువు మతమే యనుట తర్కము కాదు.

ఇప్పుడు రాయవేలూరికి వత్తము. లింగమనాయకుని నోడించి ఈ కోటను గైకొన్న వేంకటపతిరాయలు 17వ శతాబ్ది తొలి సంవత్సరములలో దీనిని రాజధానిగా జేసికొనెను. 1598లో చంద్రగిరికి వచ్చిన జెస్యూట్ పాదరీలు ఇచ్చటికిని వచ్చిరి. రాయలు వారికి చర్చి కట్టుకొన ననుమతించి, వారిలో చిత్రకళ నెఱిగినవారిచే బొమ్మలు వ్రాయించి చూచి సంతోషించెను. మతము మాత్రము మార్చుకొనలేదు. 1610లో డచ్చివారికి పులికాటున వర్తకమున కనుజ్ఞ యిచ్చెను. 1612లో పోర్చుగీసువారు ఆ డచ్చివారిమీద పడిరి. క్రైస్తవుని క్రైస్తవుడు చంపుట వేలూరి యాస్థానము కండ్లార చూచినది.

ఈ కోటలో తెలుగువారి నెత్తురు మిక్కిలి దారుణముగా పాఱిన సందర్భమేది? అది 1614 తరువాతిది. వేంకటపతిరాయలు తన యన్నకుమారుడగు శ్రీరంగరాయలకు రాజ్యమిచ్చి మరణించెను. రాణి సోదరుడు జగ్గరాయడు వేఱొక బాలుని రాజపుత్రుడని నిలిపి, శ్రీరంగరాయలను కుటుంబముతో గూడ ఈ కోటలోనే బంధించెను. తుదకు భార్యాబిడ్డలతో సహా చంపించెను. ఒక్క కుమారుడు మాత్రము బ్రదికెను. వెలుగోటి యాచమనాయకుడు చాకలివాని సాయమున బట్టలనడుమ ఆ బాలుని బయటికి చేర్పించెను. పిమ్మట కావేరితీరమున తోపూరున జరిగిన ఘోరయుద్ధమున జగ్గరాయడు మడిసెను. మధుర, చెంజి నాయకులు అతని పక్షము. స్వయముగా తెలుగుకవియైన తంజావూరి రఘునాథనాయకుడు యాచమ పక్షము. అందఱును ఒకే మతమువారే. అన్ని వైపులను తెలుగువారే. ఈ వృత్తాంతమును మనకు విపులముగా తెలిపినది 1616లో బర్రదాసను జెస్యూట్ పాదరీ వ్రాసిన లేఖ. రాజ్యలోభము తప్ప వేఱు కారణ మాయనకును దొరకలేదు. కోటకు వచ్చువారెవ్వరును ఈ కథ నడుగరు. శత్రువు పరమతస్థుడు కాని కథకు మన జ్ఞాపకమున చోటు లేకపోయెను. ధర్మయుద్ధమను తప్పుమాట చేసిన పెద్ద అపకారము నా దృష్టిలో ఇదియే.

తరువాతి చరిత్రలోనూ పక్షములు మతముచొప్పున విడిపోలేదు. మూడవ శ్రీరంగరాయలకు విరోధులు గోలకొండ, బిజాపుర సుల్తానులు మాత్రమే కారు, దక్షిణపు నాయకులును. దిక్కుతోచక ఆయన మొగలు రాజకుమారుడగు ఔరంగజేబు సాయము గోరి, అవసరమైనచో కుటుంబముతో ఇస్లాము స్వీకరింతునని గూడ వర్తమాన మంపెనని మొగలు లేఖలవలన తెలియును. కోట బిజాపురము వశమైనది. దానిని మఱల 1678లో గెలిచినది మరాఠులు. ఆ దండయాత్రకు ధనమిచ్చినది గోలకొండ సుల్తాను తానాషా, ఏర్పాటు చేసినది ఆయన మంత్రి మాదన్న. తెలుగు బ్రాహ్మణుని మంత్రాంగము, గోలకొండ సుల్తాను ధనము, శివాజీ సేన. ఎదుట కోటలో బిజాపుర ముస్లిము సరదారు. దీనిని ఏ మతయుద్ధపు జాబితాలో చేర్తుము?

1806 జూలై 10 నాటి వేలూరి సిపాయిల తిరుగుబాటునకు మతముతో నిజముగా సంబంధము కలదు. బొట్టు పెట్టరాదు, చెవిపోగులు ధరింపరాదు, గడ్డము ఉత్తరువు చొప్పున కత్తిరింపవలెను, తోలుగుర్తుగల క్రొత్త తలపాగా పెట్టవలెను అని పై యధికారులు శాసించిరి. ఆ పాగా పెట్టించి తమ్ము క్రైస్తవులను చేయుదురని హిందువులును ముస్లిములును ఒక్కటిగా భయపడిరి. కోటలో కాపుదలలోనున్న టిప్పుసుల్తాను కుమారుల పేర మైసూరు జెండా యెత్తిరి. ఆనాడు సుమారు 130 మంది ఇంగ్లీషు సైనికులును అధికారులును హతులైరి. ఆర్కాటునుండి గిలెస్పీ గుఱ్ఱపుదళముతో వచ్చి అణచినప్పుడు వందలకొలది సిపాయిలు చచ్చిరి. మరుసటి యేట గవర్నరు బెంటింకును సేనాని క్రాడకును తొలగింపబడిరి. ఇంగ్లండులో మతప్రచారకులను హిందూదేశమున నుండనియ్యవచ్చునా యని పెద్ద వివాదము పుట్టి, 1813 చార్టరు చట్టమున వారి రాకకు దారి యేర్పడినది. విజయమునకైనను పాపక్షయమునకైనను ఈ సిపాయిలు మతమును తలపెట్టలేదు. తమ బొట్టును తమ గడ్డమును తమకు వదలుమనిరి. దీనిని పవిత్రయుద్ధమనుట వారి యభిప్రాయమును తలక్రిందులు చేయుట.

ప్రతిపక్షము వారు, "మాట వాడుకలో పడిపోయినది, ఇక మార్చుట యెట్లు" అందురు. ఇది బలమైన వాదము కాదు. శిలువయుద్ధమను మాట తెలుగున ఇదివఱకే కలదు. మూలపదమున శిలువ యున్నది, తెలుగుమాటలోను శిలువ యున్నది. అది స్తుతియును గాదు, నిందయును గాదు. జిహాదును గూడ పవిత్రయుద్ధమని యనువదించుట తగదు. శ్రమించుట, పెనగులాడుట యని దాని మూలార్థము. యుద్ధము దాని యర్థములలో నొకటి మాత్రమే. జిహాదును జిహాదుగనే ఉంచుట మేలు.

జలకంఠేశ్వరాలయమున శతాబ్దులు పూజ లేకపోయి, 1981 మార్చి 16న లింగము మఱల ప్రవేశించినది. ఆలయము బోసిపోయిన కాలములో నొక భాగమున అది ఇంగ్లీషుదొరల ఆయుధశాల. ఇకమీదట కోటకు వచ్చి ధర్మయుద్ధమెక్కడ జరిగినదని యడుగు బంధువులకు నేను మొదట చాకలివాని మూటలో బయటపడిన పిల్లవాని కథ చెప్ప నిశ్చయించితిని.