వానలో ఛాలెంజ్ కప్

ఫుట్‌బాల్‌లో అందం అనగానే మనవాళ్లు బ్రెజిల్ దగ్గర మొదలుపెడతారు. నన్నడిగితే తజికిస్తాన్ దగ్గర మొదలుపెట్టమంటాను. తజికిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, అఫ్గానిస్తాన్, మయన్మార్, నేపాల్, శ్రీలంక, ఉత్తర కొరియా, వీటితో పాటు మనం. 2008 జులై 30న హైదరాబాద్‌లో మొదలైన ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్పు బరిలో దిగిన ఎనిమిది దేశాలివి. ఎప్పుడో 1966లో ఇటలీని ఇంటికి పంపిన ఉత్తర కొరియాను పక్కన పెడితే, ప్రపంచకప్పు ఊసెత్తితే ఎదుటివాళ్లు నవ్వుతారని తెలిసిన జట్లే అన్నీ.

ఇంకా నిలదొక్కుకుంటున్న దేశాల కోసం ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య 2006లో ఈ పోటీ పెట్టింది. మొదటిసారి బంగ్లాదేశ్‌లో జరిగితే తజికిస్తాన్ గెలిచింది. రెండోసారి హైదరాబాద్‌కి వచ్చేసరికి పందెం పెరిగింది. గెలిచినవాళ్లకి 2011 దోహా ఆసియా కప్పులో నేరుగా చోటు. మనం ఆసియా కప్పు ముఖం చూసింది చివరిగా 1984లో. ఆ ఏడాది ఆగస్టు 3న సికింద్రాబాద్‌లో పుట్టిన ఒక మిలిటరీవారి అబ్బాయి ఈ కథలోకి రావాల్సి ఉంది. కాసేపు ఆగుదాం. ముందు వాన గురించి చెప్పాలి.

హైదరాబాద్‌లో శ్రావణమాసపు వాన గురించి హైదరాబాదీలకి చెప్పక్కర్లేదు. ఫతే మైదాన్ అని పెద్దవాళ్లు ఇప్పటికీ పిలిచే లాల్ బహదూర్ స్టేడియం, అటు గచ్చిబౌలి మైదానం, రెండూ నానిపోయాయి. నీళ్లు తాగిన పచ్చిక మీద బంతి తన ధర్మం మరిచిపోతుంది. దొర్లాల్సిన చోట ఆగుతుంది, ఆగాల్సిన చోట జారిపోతుంది. పదిగజాల పాస్ ఇచ్చిన మిడ్‌ఫీల్డర్ అప్పటికే వెనక్కి తిరిగి పరుగెత్తుతుంటాడు. బంతి మాత్రం మధ్యలో నీటి మడుగులో చతికిలబడి ఉంటుంది. ఇద్దరు దాని మీదకి ఒకేసారి జారతారు. బురద లేస్తుంది. ఎవరి చొక్కా ఏ రంగో తెలియదు. వాళ్లలో ఎవడు ముందు లేచి నిలబడితే బంతి వాడిది. నైపుణ్యం సగం పనికిరాకుండా పోయిన ఆ చోట మిగిలేది బంతి కావాలన్న కోరిక ఒక్కటే. అది ఒంటి మీద కనిపిస్తుంది.

మన ఆలంకారికులు స్థాయీభావానికి తోడుగా సంచారీభావాలని ముప్పైమూడు లెక్కపెట్టారు. శంక, శ్రమ, చింత, గర్వం, ఆవేగం, విషాదం వగైరా. యూరప్ పెద్ద క్లబ్బుల ఆటలో ఇవి పైకి తేలవు. సాధన వాటిని మింగేస్తుంది. పాస్ ఇచ్చేవాడి మొహంలో శంక ఉండదు, అందుకునేవాడి కాలులో శ్రమ కనబడదు. చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ ఎదుగుతున్న జట్టు ఆడుతుంటే ఆ ముప్పైమూడూ వరసగా మన కళ్లముందు నడిచిపోతాయి. బంతి కాలికి తగలగానే డిఫెండర్ ఒక్క క్షణం తటపటాయిస్తాడు. కీపర్‌కి ఇవ్వాలా, ముందుకి తన్నాలా? ఆ తటపటాయింపులో అతని దేశం మొత్తం కనిపిస్తుంది: మంచి మైదానాలు లేకపోవడం, పెద్ద మ్యాచ్‌ల అలవాటు లేకపోవడం, అయినా వదలకపోవడం. వీధి భాగోతంలో వేషగాడి చెమటకి రంగు కారుతుంటే మనం వేషాన్నీ మనిషినీ ఒక్కసారే చూస్తాం కదా, ఇదీ అంతే.

మనవాళ్ల మొదటి మ్యాచ్ అఫ్గానిస్తాన్‌తో. యుద్ధాల మధ్య నుంచి లేచి వచ్చిన జట్టు అది. దాన్ని మనం అవలీలగా ఓడిస్తామని అనుకున్నవాళ్లకి తొంభై నిమిషాలూ చుక్కలు కనిపించాయి. చివరికి ఇంజురీ టైమ్‌లో మన ఆటగాడు క్లైమాక్స్ లారెన్స్ గోల్ కొట్టాడు. 1–0. అందులో వీరం ఉందా అంటే ఉంది. కానీ ఆఖరి ఘడియ దాకా గోడలా నిలిచి కూలిన అఫ్గాన్ల వైపు చూస్తే కరుణే పైచేయి. ఏ పక్షాన కూర్చుని చూసినా రెండు రసాలూ తగిలే మ్యాచ్‌లు ఎన్నో ఉండవు. తజికిస్తాన్‌తో 1–1 డ్రా. తుర్క్‌మెనిస్తాన్ మీద 2–1; రెండు గోల్సూ కెప్టెన్ బైచుంగ్ భుటియావే.

ఇక సికింద్రాబాద్ అబ్బాయి. సునీల్ ఛేత్రి తండ్రి సైన్యంలో ఈఎంఈ విభాగం మనిషి, తానూ ఫుట్‌బాలరే. తల్లి నేపాల్ మహిళా జట్టుకి ఆడింది. కొడుకు పుట్టింది సికింద్రాబాద్‌లోనే అయినా పెరిగింది తండ్రి బదిలీల వెంట. సెమీఫైనల్లో మయన్మార్ మీద ఆట చివరి అంకంలో పడిన ఏకైక గోల్ అతనిదే. అతని కదలికని కాస్త దగ్గరగా చూడండి. అయిదడుగుల ఏడంగుళాల మనిషి. డిఫెండర్ భుజం పక్కన ఏమీ పట్టనట్టు నిలబడతాడు. మెడ ఒకసారి అటు, ఒకసారి ఇటు. బంతి ఇంకా వింగ్‌లో ఉండగానే రెండడుగులు వెనక్కి వేసి, ఉన్నట్టుండి ముందుకి దూకుతాడు. ఆ వెనకడుగులోనే గోల్ ఉంటుంది, తర్వాతదంతా లాంఛనం. లేదా ఎడమ పక్క నుంచి లోపలికి కోసుకొచ్చి కుడికాలితో దూరపు కర్ర వైపు వంపు తిప్పుతాడు. తనకంటే పొడుగువాళ్ల మధ్య గాల్లోకి లేచి, వాళ్లు దిగడం మొదలుపెట్టాక తలతో కొడతాడు. భుటియాది ఇందుకు పూర్తిగా వేరు శైలి. అప్పటికి ముప్పై ఒకటేళ్ల పెద్దమనిషి, వీపుతో డిఫెండర్‌ని ఆపి పట్టి, బంతిని కాలికింద దాచుకుంటాడు. అతను తొక్కిపట్టిన చోటుకి పక్కనుంచి ఛేత్రి దూసుకొస్తాడు. ధ్రుపద్ పాడేవాడి పక్కన పఖవాజ్ దరువు మారినట్టు అనబోయి ఆగాను. ఒక పోలిక చాలు.

సికింద్రాబాద్‌కి ఇలాంటి ఆటగాళ్లు కొత్తేమీ కాదు. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం నెగ్గిన జట్టులో ఉన్నాడు. అతన్ని పట్టుకొచ్చింది హైదరాబాద్ గురువు రహీం సాబ్. కంటోన్మెంటు మైదానాల్లో బూట్లు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి ఆడిన ఊరిది. ఛేత్రి ఇక్కడ పెరగలేదు కాబట్టి ఈ వారసత్వం అతని కాళ్లలో ఉందనడం అతిశయోక్తి. అయినా లెక్కలో రాసుకోవడానికి సికింద్రాబాద్‌కి హక్కుంది.

రసభంగం మాత్రం ఒకటి జరిగింది. వానకి మైదానాలు పాడైపోయి ఫైనల్‌ని ఢిల్లీకి తరలించారు. ఇక్కడ మొదలైన నాటకం పతాక సన్నివేశం ఆగస్టు 13న అంబేడ్కర్ స్టేడియంలో పండింది. ఎదురుగా నిలిచింది పాత విజేత తజికిస్తానే. 9వ నిమిషంలో ఛేత్రి, 18లో మళ్లీ ఛేత్రి, 23లో భుటియా. ఊపిరి తీసుకునే వ్యవధి లేదు. విరామానికి కాస్త ముందు తజిక్‌లు ఒకటి కొట్టి నాటకాన్ని బతికించారు. 75వ నిమిషంలో ఛేత్రి మూడోది కొట్టి తెర దించాడు. 4–1. పది రోజుల క్రితమే ఇరవై నాలుగు నిండిన కుర్రాడి హ్యాట్రిక్ అది.

ఎదుగుతున్న జట్ల అందం ఫుట్‌బాల్‌తోనే ఆగదు. సరిగ్గా అదే 2008లో ఐస్ హాకీ వాళ్లూ ఆసియా ఛాలెంజ్ కప్పు మొదలుపెట్టారు. మరుసటి ఏడు అబూధాబీలో మన జట్టు తొలిసారి దిగింది. శీతాకాలంలో గడ్డకట్టిన చెరువుల మీద ఆట నేర్చుకున్న లడఖ్ కుర్రాళ్లే దానికి దన్ను. చిత్తుగా ఓడారు. 2017లో బ్యాంకాక్‌లో మన అమ్మాయిలు ఫిలిప్పీన్స్ మీద 4–3తో గెలిచి ఆ ఆటలో తమ తొలి అంతర్జాతీయ విజయం అందుకున్నారు. 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో ఆసియా కప్పు కాంస్యం తెచ్చారు. మంచు మీద జారినా, బురదలో జారినా, పడ్డవాడు లేచే తీరులో ఉండే అందం ఒకటే అని నా వాదన.

మళ్లీ ఫుట్‌బాల్‌కి వస్తే, దోహాలో మనకి జరిగింది కూడా చెప్పాలి. ఆస్ట్రేలియా చేతిలో 0–4, బహ్రెయిన్ చేతిలో 2–5, దక్షిణ కొరియా చేతిలో 1–4. ఛేత్రి అక్కడా రెండు గోల్స్ కొట్టాడు. ఛాలెంజ్ కప్పు 2014లో మాల్దీవుల్లో పాలస్తీనా గెలుపుతో ఆగిపోయింది. ఆసియా కప్పుని 24 జట్లకి పెంచాక దాని అవసరం లేదన్నారు. అవసరం సంగతేమో గానీ, అలాంటి ఆట మళ్లీ ఈ జంటనగరాలకి వస్తే, ఆడేది ఏ దేశమో పటంలో వెతుక్కోవాల్సి వచ్చినా సరే, టీవీ కట్టేసి స్టేడియానికి వెళ్లండి. గొడుగు మరిచిపోకండి.