విన్న నవలలో పనిమనిషి గొంతు

హత్య జరగని అపరాధ పరిశోధక నవల ఒకటి 1935లో ఇంగ్లండులో వెలువడింది. డొరొతీ ఎల్. సేయర్స్ రాసిన 'గాడీ నైట్' అది. ఆక్స్‌ఫర్డులోని ఒక మహిళా కళాశాల దానికి రంగస్థలం. ష్రూస్‌బరీ అనే ఆ కళాశాల కల్పితం. బేలియల్ కళాశాల వారి క్రికెట్ మైదానంలో దాన్ని కట్టేసినందుకు రచయిత్రి ముందుమాటలో క్షమాపణ చెప్పుకుంది. మగవాళ్ల ఆటస్థలం ఆక్రమించి ఆడవాళ్ల చదువుకు ఇల్లు కట్టడం ఊరికే చేసిన చమత్కారం అనుకోనక్కరలేదు. సేయర్స్ 1912లో సోమర్‌విల్ కళాశాలలో చేరి, 1915లో ప్రథమశ్రేణిలో నెగ్గింది. పట్టా మాత్రం 1920 దాకా చేతికి రాలేదు. అంతవరకూ ఆ విశ్వవిద్యాలయం ఆడవాళ్లకు పరీక్షలు పెట్టేదే గాని పట్టా లిచ్చేది కాదు. ఇచ్చిన ఏడేళ్లకే, 1927లో, ఆడపిల్లల సంఖ్యకు హద్దు గీసింది. ఆ హద్దు 1957 వరకూ చెరగలేదు.

ఈ నవలను ఇయన్ కార్మైకేల్ ఆమూలాగ్రం చదివిన ఆడియో పుస్తకం ఒకటి ఉంది. 1972-75 మధ్య బి.బి.సి. టెలివిజన్‌లో లార్డ్ పీటర్ విమ్సీగా నటించినవాడు ఇతనే. కథ నడిచేది హారియట్ వేన్ అనే రచయిత్రి మనసులోంచి. వినిపించేది ఆమెను ప్రేమించే ప్రభువు గొంతు. పీటర్ నవలలో చాలాభాగం విదేశాల్లోనే ఉంటాడు. అయినా టెలివిజన్ నాటకాలు ఎరిగిన శ్రోతకు అతను మొదటి వాక్యం నుంచీ అక్కడ కూర్చునే ఉంటాడు. ఆడవాళ్ల మేధా స్వాతంత్ర్యాన్ని గురించిన పుస్తకానికి ఇది తగిన గొంతేనా అని అడగవలసిందే. అయితే నేను చర్చించదలచింది అంతకంటె లోతైన సంగతి. అందుకోసం నేరస్థురాలెవరో ముందే చెప్పక తప్పదు.

గాడీ అంటే పూర్వ విద్యార్థుల విందు. ఆ విందుకు వచ్చిన హారియట్‌కు ఒక అసభ్యమైన బొమ్మ కాగితం దొరుకుతుంది. తరువాత కళాశాలలో బెదిరింపు ఉత్తరాలు మొదలవుతాయి. గౌన్లు తగలబడతాయి. మిస్ లిడ్‌గేట్ అనే పండితురాలు ఏళ్ల తరబడి రాసిన ఛందోగ్రంథం ప్రూఫులు పాడవుతాయి. ఒక విద్యార్థిని ఆత్మహత్యా ప్రయత్నం దాకా వెళుతుంది. అవివాహితులైన అధ్యాపకురాళ్లు ఒకరినొకరు అనుమానించుకోవడం మొదలుపెడతారు. పెళ్లి లేని చదువు ఆడదాని బుద్ధిని వికటింపజేస్తుందన్న పాత అపవాదు వాళ్ల మనసుల్లోనే తొలుస్తుంది. నవలలో అసలు భయం ఇదే. దీన్ని సేయర్స్ నిజాయితీగా రాసింది.

తీరా నేరం చేసింది ఆనీ అనే పనిమనిషి. ఆక్స్‌ఫర్డు భాషలో స్కౌట్. ఆమె భర్త చరిత్రకారుడు. తన సిద్ధాంతాన్ని తలకిందులు చేసే ఒక ఉత్తరాన్ని అతను దాచేశాడు. మిస్ డి వైన్ అనే పండితురాలు ఆ మోసాన్ని బయటపెట్టింది. అతని పట్టా పోయింది, ఉద్యోగం పోయింది, చివరకు ప్రాణం తీసుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలతో మిగిలిన ఆనీ గదులు ఊడ్చే కొలువులో చేరింది.

ఆమెను అంతకాలం కాపాడింది ఏమిటి? లాటిన్. గౌను తొడిగి వేలాడదీసిన దిష్టిబొమ్మకు వర్జిల్ 'ఈనియడ్' నుంచి ఆడముఖపు రాబందుల్ని వర్ణించే పంక్తులు గుచ్చి ఉన్నాయి. అవి చూసి, ఇది చదువుకున్నవాళ్ల పనే అని అందరూ తేల్చేశారు. పనివాళ్లకు లాటిన్ రాదు గదా! భర్త వదిలివెళ్లిన చదువులో ఒక ముక్క ఆమె దగ్గర మిగిలి ఉండవచ్చునని ఎవరికీ తోచలేదు. పట్టాలు పొందడానికి అంత పోరాడిన స్త్రీలు, తమ కాఫీ కప్పులు తీసే స్త్రీకి ఒక గతం ఉంటుందని ఊహించలేకపోయారు. ఇక్కడ పరిశోధనను దారి తప్పించింది వర్గం.

ఆడియో పుస్తకం దీన్ని మరింత తేటపరుస్తుంది. అచ్చు పుస్తకంలో కన్ను పనిమనుషుల మాటల్ని దాటేస్తుంది. తలుపు తీసి "అలాగేనమ్మా" అనే మనిషి దగ్గర ఎవరు ఆగుతారు? చెవి దాటెయ్యలేదు. ఎంత చిన్న మాటైనా పట్టవలసిన కాలం పట్టే తీరుతుంది. పైగా కాపలాదారు పాజెట్ మాటల్ని సేయర్స్ లండన్ యాసలో హాస్యంగా రాసింది. ఆనీ మాటల్ని శుభ్రమైన ఇంగ్లీషులో రాసింది. పక్కపక్కన వింటుంటే ఆ తేడా చెవిని తడుతుంది. యాస లేని పనిమనిషి ఎక్కణ్ణుంచి వచ్చింది? రచయిత్రి న్యాయంగా ఇచ్చిన ఆధారమిది. కన్ను పోగొట్టుకున్నదాన్ని చెవి పట్టుకుంటుంది. పురాణం చదివించుకొని వినే అలవాటున్న మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక చివరి ప్రకరణం. పీటర్ హారియట్‌ను పెళ్లికి అడుగుతాడు, లాటిన్‌లో, పట్టాల సభలో వాడే పరిభాషలో. ఆమె ఆ భాషలోనే ఔనంటుంది. సమానుల మధ్య ప్రేమకు ఇంతకంటె గౌరవమైన రూపం లేదని ఎందరో పాఠకులు మురిసిపోయారు. మురిసిపోదగిందే. కాని పనిమనిషి చేతిలో పడిన లాటిన్ పిచ్చికి సాక్ష్యం, ప్రభువు నోట పలికిన లాటిన్ వలపుకు సాక్ష్యం! లాటిన్ రాని శ్రోతకు ఆ రెండు మాటలూ అర్థం కాని ధ్వనులుగా చెవిన పడి జారిపోతాయి. ఆ క్షణంలో ఆ శ్రోత నిలబడేది ఆనీ పక్కన, తలుపు అవతల.

1937లో 'స్క్రూటినీ' పత్రికలో క్యూ.డి. లీవిస్ ఈ రచయిత్రిని చీల్చి చెండాడింది. విద్యాలోకాన్ని అందమైన కలగా మార్చి అమ్ముకుంటున్నదని ఆమె ఆరోపణ. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ కల ఎవరి చాకిరీ మీద నిలిచిందో లీవిస్ కూడా పట్టించుకున్నట్లు కనపడదు.

సేయర్స్‌కు ఆ ఎరుక బొత్తిగా లేదని మాత్రం అనలేం. అధ్యాపకురాళ్ల ఎదుట నిలబడి ఆనీ గుప్పించే నిందలు నవల మొత్తంలో అత్యంత శక్తిమంతమైన భాగం. ఒక కాగితం ముక్క కోసం మనిషిని చంపారని ఆమె అంటుంది. ఆ మాటకు ఆ గదిలో సరిగ్గా జవాబు చెప్పగలవాళ్లు లేరు. దోషం వేరొకచోట ఉంది. ఆడది ఇంటికే పరిమితం కావాలన్న నాజీ సిద్ధాంతాన్ని ఖండిస్తూ మిస్ బార్టన్ ఒక పుస్తకం రాసింది. ఆనీ ద్వేషించిన వాటిలో అదీ ఒకటి. పాజెట్ ముచ్చట్లలోనూ హిట్లరు మీద మోజు తొంగిచూస్తుంది. 1935 నాటికి ఫాసిజానికి డబ్బు పోసిందెవరు? ఆ భావజాలాన్ని తెచ్చి ఊడ్చేవాళ్ల నోట్లో, గేటు కాసేవాళ్ల నోట్లో పెట్టి, ప్రభువును వివేకిగా నిలపడం రచయిత్రి వర్గం ఆమె చేత రాయించిన అబద్ధం. తన కూతురు పెద్దయ్యాక గ్యారేజీ పెడతానంటే ఆనీ కసురుకుంటుంది. ఆ పిల్ల కోరికను అక్కడ నమోదు చేసినందుకు సేయర్స్‌ను మెచ్చుకోవాలి. దాన్ని అక్కడే వదిలేసినందుకు తప్పుపట్టాలి.

నేరం రుజువయ్యాక పోలీసులు రారు. వ్యవహారాన్ని వైద్యుల చేతికి అప్పగించి కళాశాల తన పరువు కాపాడుకుంటుంది. మిస్ డి వైన్ ఒక్కతె మాత్రం బాధపడుతుంది. మోసాన్ని బయటపెట్టినందుకు కాదు, ఆ తరువాత ఆ మనిషీ అతని భార్యా ఏమయ్యారో కనుక్కోనందుకు. లిడ్‌గేట్ అయితే కనుక్కునేదని ఆమె ఒప్పుకుంటుంది. సత్యం పట్ల నిబద్ధత, మనుషుల పట్ల బాధ్యత వేరువేరు ఖాతాలు కావని నవల గుర్తించిన చోటు ఇదొక్కటే. ఆ గుర్తింపు నాలుగు వాక్యాల్లో ముగిసి, కథ ప్రేమ వైపు తిరిగిపోతుంది.

మన విమర్శ కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌తో సహా అపరాధ పరిశోధక నవలను చాలావరకు గడప బయటే కూర్చోబెట్టింది. సాహిత్య విద్యార్థులు ఈ ఆడియో పుస్తకాన్ని వినడం మంచిదని నా అభిప్రాయం. వినేవాళ్లు నేరస్థురాలెవరో తెలిశాక రెండోసారి మొదటి నుంచీ వినాలి. ఆనీ ట్రే పట్టుకొని వచ్చిన ప్రతిసారీ, ఆమె మాటకు ఎవరైనా తలెత్తి చూశారేమో గమనించాలి.