అగస్టీను గ్రంథపఠనము

సెయింట్ అగస్టీను 'కన్ఫెషన్స్'ను క్రీ.శ. 397 ప్రాంతమున ఆరంభించెను. అందు చదువరులకు జ్ఞప్తియందుండునది 386 నాటి మిలాను తోట ఘట్టము. పౌలు పత్రికలోని కొన్ని పంక్తులు చదువగనే అతని సందేహములు తొలగినవి. నాకు మాత్రము మూడవ భాగములోని చిన్న ప్రస్తావన అంతకంటె విలువైనదిగా తోచును. పందొమ్మిదవ యేట సిసిరో రచనకు మురిసిన ఆ యువకుడు బైబిలు తెరచి, ఆ గాంభీర్యము ముందు ఇది చాలదని మూసివేసెను. అలంకారశాస్త్ర విద్యార్థికి అది సహజమే. వాడుకమాటను చూచి ముఖము చిట్లించిన పండితులు మనలోను లేకపోలేదు! పిమ్మట మిలానులో బిషప్పు ఆంబ్రోసు వాక్ప్రౌఢిని పరీక్షింపబోయి, పాత నిబంధనను అక్షరార్థము దాటి చదువుట నేర్చెను.

తొమ్మిదవ భాగమున తల్లి మోనికా మరణముతో జీవితకథ ముగియును. కడపటి మూడు భాగములు ఆదికాండము తొలి అధ్యాయమునకు వ్యాఖ్యానము. వీనిని అనుబంధములని విడిచిపెట్టువారు కలరు. అది అన్యాయము. 'ఆదియందు' అను మాట పట్టుకొని, కాలమనగా నేమని అతడు దేవునినే అడుగును. తోటలో ఒక్క క్షణమున కలిగిన విశ్వాసము ఇచ్చట పదము పదముగా వేరూనును. ఒకే వాక్యమునకు పలువురు చెప్పు అర్థములు సత్యములైనచో అన్నిటికిని చోటున్నదని పండ్రెండవ భాగమున అతడంగీకరించును. తొలుత శైలి చాలదనిపించిన గ్రంథమును గూర్చియే ఈ మాట.